ఎదురుకాళ్ళ ఎంకన్న

పొద్దుగాల ఆరున్నర. ఆకాశం నిండ మబ్బులు, వాన మాత్రం పడుతలేదు. ఉక్కకు అంగీ పెయ్యికి అతుక్కపోతున్నది. మాపటి రొట్టె ఎప్పుడో అరిగింది. మోండా, గదే నాందేడ్ మార్కెట్ యార్డు గేటుకాడ విమలాబాయి చాయ్ బండి ఇంక తెరువలే. తెరిచినా మాకు చాయ్ దొరకదు. సోయా లారీ దింపినంకనే చాయ్ అని మా జట్టు పెద్ద, మారోతి ముకాదం చెప్పిండు.

నేను లారీ మీదున్న. మీద ఇద్దరం కలిసి బస్తాను అంచుదాంక జరిపి, కింద వంగి నిలబడ్డోని వీపు మీద పెడుతం. కింద వీపు ఇచ్చేటోడు ఎంకన్న. నాందేడ్ అచ్చినకాడికెల్లి మాది గదే జోడీ. నేను పెట్టాలె, ఆయన మొయ్యాలె. బస్తా వీపుకు తాకంగనే "హా" అంటడు, అంటే ఇడువు అని. ఆ పొద్దు సుత "హా" అన్నడు. నేను ఇడిసిన. నాలుగడుగులు ఏసి ఆగిపోయిండు.

"ఏందయ్యా, పెండ్లిపిల్ల లెక్క నిలబడ్డవ్? నడువ్!" అని మారోతి కిందికెల్లి అరిసిండు.

ఎంకన్న వీపు మీది బస్తా మెల్లగ పక్కకు జారి నేల మీద పడ్డది. కుట్టు తెగి గింజలు పారినయి. ఆ గింజలల్లనే మోకాళ్ళ మీద కూలవడ్డడు, ఎడమ పిర్ర పట్టుకొని. ఎంకన్న బస్తా పడేసుడు అప్పటిదాంక మా హమాలీ టోలిల ఎవ్వలు చూడలే.

"కరెంటు కొట్టింది దేవన్నా," అన్నడు నా దిక్కు మొఖమెత్తి. "పిర్రలకెల్లి బొటనవేలు దాంక గుంజింది."

ఎనకకెల్లి ఎవలో అన్నరు. "నడుం పట్టిందా? మనకాడ ఎదురుకాళ్ళోడు ఉన్నడు గదా. పోయి తన్నిపిచ్చుకో!"

అందరు నవ్విండ్లు. ఎంకన్న సుత పండ్లు బిగవట్టి నవ్విండు. ఎందుకంటే ఎదురుకాళ్ళోడు ఆయననే.

తల్లి కడుపులకెల్లి తలకాయ గాకుండ కాళ్ళు ముందుగాల అచ్చి పుట్టినోన్ని మా దిక్కు ఎదురుకాళ్ళోడు అంటరు. మరాఠీల పాయాళూ అంటరు. గసుంటోడు తన్నితే పట్టిన నడుం ఇడుస్తదని నమ్మకం. నాందేడ్ల అడుగు, ముఖేడ్ల అడుగు, అవతల తెలంగాణ దిక్కు అడుగు, ఎవలన్న గదే చెప్తరు.

ఎంకన్న ఊరు ఇస్లాపూర్ అవతల. అడివి అంచుకు, భూమి లేనోళ్ళ గుడిసెలు ఉన్న దిక్కు. వాళ్ళ అవ్వ రుక్మాబాయి జొన్న కోతకు పోయినకాడ నొప్పులొచ్చి చెల్కలనే కన్నదట. పిల్లగానికి కాళ్ళు ముందుగాల అచ్చినయని ఊరంత ఎరుకైంది. ఆయన ఎనిమిదేండ్లోడు ఉన్నప్పుడు ఆ ఊరి పటేల్‌కు నడుం పట్టింది. ఎన్నడు వాళ్ళను వాకిట్లకు రానియ్యని మనిషి. నీళ్ళడిగితే దూరంకెల్లి పోసే మనిషి. గాయిననే కట్టె పట్టుకొని వీళ్ళ గుడిసె ముంగటికి అచ్చి, పోరనికి వీపు తిప్పి వంగి నిలబడ్డడు. తన్ను బిడ్డా అన్నడు.

ఈ ముచ్చట ఎంకన్న నాకు శానాసార్లు చెప్పిండు. చెప్పినప్పుడల్ల ఎడమ కాలు ముంగటికి చాపి చూసుకుంటుండె. మడిమెలు పలిగి, గోర్లు నల్లగైన కాలు. "గా పొద్దు ఎరుకైంది దేవన్నా, ఎవ్వలకాడ లేనిది ఒక్కటి నాకాడ ఉన్నదని," అంటుండె.

మోండాల ఐతారం పొద్దుగాల పెద్ద కాంటా ఎనక గోడకాడ ఎప్పుడు నలుగురైదుగురు నిలబడి ఉంటుండె. హమాలీలు, బండ్లోళ్ళు, ఒకోసారి కమీషన్ మీద సరుకు అమ్మిచ్చే అడత్ దుకాణం సేట్లు సుత. గోడకు చేతులు ఆనిచ్చి వంగాలె. ఎంకన్న చెప్పు ఇడిసి, కాలు లేపి, అరికాలు పూరాగ నడుం మీద పడేటట్టు ఒక్కటి ఇస్తుండె. గట్టిగ గాదు. దర్వాజ మూసినట్టు. పైసలు ముట్టకపోతుండె. చాయ్ తాగిపిస్తే తాగుతుండె. నా నడుం సుత ఎన్నిసార్లు తన్నిండో. తన్నంగనే జర అల్కగ అనిపిస్తుండె. నిజంగ తగ్గిందో, దోస్తు కాలు తాకిందని గట్ల అనిపిచ్చిందో నాకైతే తెల్వది.

గసుంటాయినకే నడుం పట్టింది. ఆయన కాలు ఆయన నడుంకు అందది.

తర్వాత రోజులు మస్తు చెడ్డగ గడిచినయి. కూసుంటే నొప్పి, దగ్గితే నొప్పి, తుమ్మితే పిర్రలకెల్లి పిక్క దాంక అగ్గి. ఎడమ పక్కకు తిరిగి పండరాదు. ఆయన పెండ్లాం ఇందుబాయి పసుపు కొమ్ములు ఏరే కార్ఖానల కూలికి పోతది. పొద్దంత అక్కడ వంగి చేసి, ఇంటికచ్చి ఈయనకు ఇటుక కాగవెట్టి కాపుతుండె. మెడికల్ల తెచ్చిన గోలీలు ఏసుకుంటే కడుపుల మంట. ఆఖరికి ఇందుబాయి నన్ను పిలిసి, "మరిదీ, నువ్వు జర వెంట పో, ఆటో ఎక్కుడు సుత అయితలేదు ఈయనకు," అన్నది.

సర్కారు దవాఖానల డాక్టర్ స్కానింగ్ ఫోటో తీపిచ్చిండు. నడుం ఎముకల నడుమ మెత్తటి పరుపు లెక్క గద్దె ఉంటదట, అది బయటికి ఉబ్బి కాలుకు పోయే నరాన్ని వత్తుతున్నదట. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, ఎనక గదిల కసరత్ నేర్పిస్తరు, పో అన్నడు.

ఎనక గదిల దీపాలి మేడం ఉన్నది. మేడం అంటే మా బిడ్డ ఈడు పిల్ల. ముచ్చట మొత్తం మరాఠీలనే. "కాకా, ఇగ ఈ బల్ల మీద బోర్ల పండు," అన్నది.

ఎంకన్న సిగ్గుపడ్డడు. కాళ్ళు కడుక్కొని రాలే అన్నడు.

"కాళ్ళు చూసేదే నా పని కాకా. పండు."

ముందుగాల ఎల్లెలకల పండవెట్టి కాలు నిటారుగ లేపింది. సగం గూడ లేవకముందే ఎంకన్న కేకేసిండు. తర్వాత బొటనవేలు మీద తన చెయ్యి పెట్టి, "నా చేతిని పైకి నూకు," అన్నది. నూకిండు. మంచిగనే నూకిండు. "ఇది మంచిగున్నది," అన్నది. అని జర గట్టిగ, నా దిక్కు సుత చూసుకుంట చెప్పింది. "ఎప్పుడన్న ఈ వేలు లేవకపోయినా, ఒంటికి రాకుండ మూత్రం ఆగినా, కూసునే కాడ తిమ్మిరెక్కినా ఒక్క గంట సుత ఆగకుండ్రి. ఉరికిరండ్రి. సమజైందా?"

సమజైంది అన్నం ఇద్దరం.

బోర్ల పండవెట్టి మోచేతుల మీద లేవుమన్నది. తర్వాత అరచేతులు ఆనిచ్చి, నడుం కిందనే ఇడిసిపెట్టి, ఛాతీ ఒక్కటి పైకి లేపుమన్నది. ఎంకన్న లేపుకుంట దించుకుంట ఉంటే అడుగుకుంట పోయింది. "నొప్పి ఇప్పుడు ఎక్కడున్నది?"

"పిక్కల."

మల్ల చేసిండు. "ఇప్పుడు?"

ఎంకన్న జరసేపు ఆలోచించిండు. "పిక్కల లేదు మేడం. తొడల ఉన్నది. నడుంల ఎక్కువైంది."

ఆ పిల్ల మొఖం ఎలిగింది. "గదే గావాలె నాకు. నొప్పి కాలుకెల్లి పైకి రావాలె. నడుంల ఎక్కువైనా బుగులు పడకు. కాలు ఖాళీ అయితున్నదంటే నరం ఇడుస్తున్నట్టు. దినాం గిట్ల చెయ్యి, నడువు, ముంగటికి వంగకు, బరువు ముట్టకు. మాలిష్ అని, తొక్కుడు అని ఎవ్వలతోటి చేపిచ్చుకోకు."

నా నోరు ఊకుండలే. "మేడం, ఈయన పాయాళూ. మోండాల అందరి నడుంలు ఈయననే తన్నుతడు."

ఆమె నవ్వలే. "మా అమ్మమ్మ ఊర్ల సుత ఒకాయన ఉండె. కాకా, నిన్నెవలన్న తన్నితే మాత్రం నేను ఊకోను. నువ్వు సుత ఎవ్వలను తన్నకు. నడుం లోపల ఏమైందో బయటికెల్లి ఎట్ల తెలుస్తది?"

అచ్చేటప్పుడు ఎంకన్న ఆటోల ఒక పిర్ర మీద ఒరిగి కూసున్నడు. రైల్వే పుల్ దాటినంక, "చిన్న పోరి. దానికేం ఎరుక?" అన్నడు. గని తెల్లారికెల్లి కసరత్ ఇడువలే.

ఇంట్ల జాగ లేదు. అందుకని మోండాకే అచ్చి, అడత్ దుకాణం రేకుల కింద ఖాళీ బస్తాలు పరిసి, బోర్ల పండి లేస్తుండె. మాకు మంచి తమాష దొరికింది. "అరే, గోదావరిలకెల్లి మొసలి ఒడ్డుకచ్చింది!" అని ఒకడు. "దానికి ఉప్పిడి తినవెట్టుండ్రి," అని ఇంకొకడు. విమలాబాయి చాయ్ తెచ్చి ఆయన మూతి ముంగట పెట్టి, "తాగు మొసలయ్యా," అంటుండె. ఎంకన్న సుత నోరు పెద్దగ తెరిసి చూపిస్తుండె.

నవ్వినం గని, మంచిగయితున్నది కండ్లకు కనవడ్డది. గేటు దాంక నడిసెటోడు పుల్ దాంక నడవబట్టిండు. తుమ్మితే కాల్ల కరెంటు కొడతలేదు. ముందుగాల పాదం ఖాళీ అయ్యింది, తర్వాత పిక్క, తర్వాత మోకాలు. మేడం చూసి, ఇంక జర ఓపిక పట్టు కాకా, బరువు ఎట్ల ఎత్తాలెనో అదే నేర్పిస్త అన్నదట. ఎంకన్న వచ్చి నా చెవుల చెప్పిండు, ఎవ్వలికి చెప్పకు, పసుపు సీజన్‌కు నేను మల్ల నీ కిందనే నిలబడుత అని.

గా పసుపు సీజనే ముంగటికచ్చింది. వసమత్ దిక్కుకెల్లి, ముఖేడ్ దిక్కుకెల్లి లారీల మీద లారీలు. మోండాల పని చెయ్యాలంటే బిల్లా ఉండాలె, ఇత్తడి బిల్లా, జబ్బకు కట్టుకునేది. టోలికి ఇన్ని బిల్లాలు అని లెక్క. ఒకడు పండుకుంటే ఆయన బరువు మిగిలినోళ్ళ వీపు మీదనే పడుతది. శానా రోజులు ఓర్సినం. ఇగ నడుస్తలేదు. ఎంకన్న బిల్లా వేరేటోనికి ఇయ్యాలని టోలిల గునుగుడు మొదలైంది. మారోతికి ఇయ్యబుద్ధి లేదు. ఒక పొద్దు ఎంకన్న ముంగట గొంతుకు కూసున్నడు.

"ఎంకన్నా, నాకు నువ్వే గావాలె. నిజం చెప్పు. ఇప్పుడు నొప్పి యాడున్నది?"

"కాల్ల లేదు మారోతీ. మొత్తం నడుంలకు ఎక్కింది."

"ఎక్కిందా?"

"దినాం జరింత జరింత ఎక్కుకుంట అచ్చింది. మంచిదే అన్నది మేడం."

మారోతి మొఖం మారింది. చుట్టున్నోళ్ళు నవ్వుడు ఆపిండ్లు. చెల్కలల్ల పనిజేసినోళ్ళం, ఎక్కుడు అంటే మాకు ఒక్కటే ఎరుక. తేలు కాలుకు కుడితే నొప్పి ఆడనే ఉండదు. పిక్కకు ఎక్కుతది, తొడకు ఎక్కుతది, గజ్జలకు అచ్చి ఉండ కడుతది. ఎక్కినకొద్ది మనిషికి బుగులు. అప్పుడు దించెటోన్ని పిలుస్తరు. వాడు వేపమండ పట్టి మీదికెల్లి కిందికి దించుకుంట అస్తడు. నొప్పి అన్నది దిగాలె, ఎక్కద్దు. పుట్టినకాడికెల్లి గదే ఇన్నం, గదే చూసినం.

"ఇషం ఎక్కుతుంటే మంచిది అంటదా ఆ పిల్ల?" అన్నడు మారోతి. "నడుంల కూసున్నది. రేపు వీపుకు, ఎల్లుండి మెడకు. ఇగ ఎక్కడికి పోతది?"

ఇంట్ల ఇందుబాయి సుత గదే మాట అన్నది. ఆమెకు లగ్గం గాకముందు పత్తి చెల్కల తేలు కుట్టింది. "నాకు గిట్లనే ఎక్కింది. దించినంకనే బతికిన. నీ కాళ్ళు మొక్కుత, దింపిచ్చుకో," అని ఎంకన్నను ఏడ్సుకుంట బతిలాడింది.

నడుంల ఎక్కినదాన్ని దించాలంటే తన్నిపిచ్చుకోవాలె, దానికి ఇంకొక ఎదురుకాళ్ళోడు గావాలె. దొరికిండు. దత్తు అని, ముఖేడ్ దిక్కు పోరడు, కొత్తగ అచ్చిండు, బిల్లా లేదు, ఎవలన్న రాకుంటే ఆ జాగల మోస్తడు. మనిషి దున్నపోతు లెక్క ఉంటడు, మాట మాత్రం నోట్లకెల్లి రాదు. వాళ్ళ అవ్వ అతన్ని ఎదురుకాళ్ళతోటి కన్నదని ఎవనికో చెప్పిండట.

ఐతారం పొద్దుగాల కాంటా ఎనక గోడకాడ అందరు జమైండ్లు. నేను పసుపు లారీ మీద తాళ్ళు ఇప్పుతున్న, అక్కడికెల్లి అంత కనవడుతున్నది. దత్తు చేతులు పిసుక్కుంట నిలబడ్డడు. "అన్నా, నేను ఎన్నడు తన్నలే. అవ్వ చెప్పింది గంతే. నాకేం రాదన్నా," అన్నడు.

ఎంకన్న అన్నడు, "మేడం వద్దన్నది మారోతీ. కసరత్‌కే తగ్గుతున్నది. ఇంకొన్ని రోజులు చూద్దాం."

"మేడం బస్తా మోసిందా ఎన్నడన్న?" అన్నడు మారోతి. "ఇన్నేండ్లు మమ్మల్ని తన్నినవ్. వీపు తిప్పి వంగినం. ఒక్కడన్న వద్దన్నడా? ఇప్పుడు నీదాంక అచ్చేసరికి వద్దంటున్నవ్. అంటే ఏందన్నట్టు? నీ కాలు ఉత్తదేనా?"

విమలాబాయి స్టవ్ చప్పుడు ఒక్కటే ఇనవడుతున్నది.

ఎంకన్న తన కాలు దిక్కు చూసుకున్నడు. భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టిండు. గోడకు చేతులు ఆనిచ్చి వంగిండు. "దత్తూ, అరికాలు పూరాగ పడాలె. మడిమె తాకద్దు. మెల్లగ," అని చెప్పిండు.

దత్తు కాలు లేపి ఆనిచ్చినట్టు చేసిండు.

"గదేంది, ముద్దు పెట్టినవా?" అని అరిసిండ్లు. "నడుందాంక ఎక్కిందిరా, గట్లయితే దిగుతదా? దించు! దించు!" దత్తు భయపడి మారోతి దిక్కు చూసిండు. మారోతి తల ఊపిండు. దత్తు ఒక అడుగు ఎనకకు పోయి, ఉరికినట్టు అచ్చి తన్నిండు.

తడిసిన బస్తా సిమెంటు మీద పడ్డట్టు చప్పుడైంది. ఎంకన్న నుదురు గోడకు కొట్టుకున్నది. నేను లారీ మీదికెల్లి దుంకిన. నేను పోయేసరికే మెల్లగ నడుం ఎత్తిండు. కండ్లు పెద్దగైనయి.

"పోయింది," అన్నడు.

"ఏంది?"

"నొప్పి. పూరా పోయింది దేవన్నా. నడుంల లేదు, పిర్రల లేదు. ఏం లేదు."

ఒక్కటే లొల్లి, సీటీలు. మారోతి దత్తును ఎత్తుకొని తిప్పిండు. విమలాబాయి అందరికి ఊకెనే చాయ్ పోసింది. ఎంకన్న కండ్లల్ల నీళ్ళు. ఇంటికి పోయి ఇందుబాయికి చెప్త అని బయలెల్లిండు. పాదం నేల మీద టప్పు టప్పున పడుతున్నది. చూసుకుంట నిలబడ్డ. గేటు దాటకముందే ఎడమ కాలు చెప్పు ఊడి తొవ్వలనే ఉండిపోయింది. ఆయన పోతనే ఉన్నడు.

"ఎంకన్నా, చెప్పు!" అని పిలిసిన.

ఆగి, కాలు దిక్కు చూసి, "ఎప్పుడు ఊడింది?" అన్నడు.

ఆ దినం, తెల్లారి పొద్దు సుత ఒంటికి రాలే. ఎండ దెబ్బ అనుకొని ఇందుబాయి ధనియాల నీళ్ళు తాగిపిచ్చింది, నిమ్మకాయ నీళ్ళు తాగిపిచ్చింది. పొత్తికడుపు ఉబ్బినంక నాకు ఫోన్ చేసింది. ఆటోల ఏసుకొని దీపాలి మేడం గదికే పోయినం, మాకు ఎరుకున్న తొవ్వ గదొక్కటే. ఆమె బల్ల మీద పండవెట్టి, బొటనవేలు మీద చెయ్యి పెట్టి, నూకు అన్నది.

ఎంకన్న తల ఎత్తి వేలు దిక్కు చూసిండు. మస్తు తిప్పలు పడ్డడు, మెడ నరాలు ఉబ్బినయి. వేలు కదలలే.

పిరుదుల కాడ గీసింది, తెలుస్తున్నదా అని అడిగింది. ఎక్కడ అన్నడు ఎంకన్న.

"ఎవలు తన్నిండ్లు?" అని మెల్లగ అడిగింది. ఆమె అప్పటికే ఫోన్ పట్టుకొని డాక్టర్ కోసం ఉరుకుతున్నది.

ఆ మాపునే ఆపరేషన్ అయింది. ఉబ్బిన గద్దె ముక్క పూరా తెగి నరాల మీద పడ్డదట. పోయింది అనుకున్న నొప్పి పోలేదు, నరమే చచ్చింది అని డాక్టర్ చెప్పిండు. కొన్ని వారాలకు ఒంటికి అచ్చుడు మల్ల మొదలైంది. కాలు నిలబడ్డది. పాదం మాత్రం లేవలే. నడిస్తే ముంగటి వేళ్ళు నేలకు గీసుకుపోతయి. మేడం ప్లాస్టిక్ పట్టీ ఇప్పిచ్చింది, చెప్పులకెల్లి పిక్క దాంక ఉంటది. దినాం రమ్మన్నది, కాలుకు కరెంటు మిషన్ పెట్టింది, కసరత్ చేపిచ్చింది. ఒక పొద్దు నేను ఉండంగనే, "నేను ఇంక గట్టిగ చెప్పాలుండె కాకా," అన్నది. "చెప్పినవ్ బిడ్డా," అన్నడు ఎంకన్న. గంతే.

బిల్లా దత్తుకు ఇచ్చిండ్లు. వద్దని ఏడ్సిండు దత్తు. నువ్వు తీసుకోకుంటే ఇంకొకడు తీసుకుంటడు, తీసుకో అని ఎంకన్ననే చెప్పిండు. ఇప్పుడు లారీ కింద నేను పెట్టే బస్తాకు వీపు ఇచ్చేది దత్తునే. వాడు "హా" అనడు. ఇడువాలెనో వద్దో నేనే అందాజ చేసుకోవాలె.

మారోతి ఎంకన్నకు చినిగిన బస్తాలు కుట్టే పని ఇప్పిచ్చిండు. కాంటా పక్కన కూసుండి దబ్బనంతోటి కుడుతుండె. అక్కడ నేను సుత బీడీకి కూసుంటుంటి. ఒక మధ్యాన్నం అడిగిండు.

"దేవన్నా, నేను తన్నినోళ్ళల్ల మల్ల రానోళ్ళు శానామంది ఉన్నరు గదా?"

"తగ్గింది, రాలే."

"గట్లనే అనుకున్నం. కిన్వట్ బండాయన యాదికున్నడా? ఎర్ర రుమాలు కట్టుకునేటోడు. నొప్పి పూరా పోయిందని నవ్వుకుంట పోయిండు. నాలుగేండ్లాయె, మోండాకే రాలే."

నేను బీడీ ఆర్పిన. "వేరే మోండాకు పోతుండొచ్చు."

"పోతుండొచ్చు," అన్నడు. "ఆయన పోయేటప్పుడు కాలు ఎట్ల పెట్టిండో యాదికి తెచ్చుకుంటున్న. వస్తలేదు."

ఆ దినంకెల్లి గదే పని పెట్టుకున్నడు. చాయ్ తాగేటోళ్ళను, బండ్లోళ్ళను అడుగుతుండె, ఫలానాయన మంచిగున్నడా, నడుస్తున్నడా అని. కొందరు మంచిగున్నరన్నరు. కొందరి సంగతి ఎవ్వలికి ఎరుక లేదు.

పసుపు అమ్మనీకి ముఖేడ్ దిక్కు రైతు ఒకాయన అచ్చిండు. ముసలాయన, పెయ్యి ఒక దిక్కుకు వంగిపోయింది, చెట్టు గాలికి వొరిగినట్టు. ఎదురుకాళ్ళ ఎంకన్న ఎవలు అని అడుగుకుంట కాంటా కాడికి అచ్చిండు. మావోళ్ళు చూపిచ్చిండ్లు.

"నేను తన్నను కాకా," అన్నడు ఎంకన్న. "చూడు, నా కాలే పోయింది. సర్కారు దవాఖాన ఎనక గదిల దీపాలి మేడం ఉన్నది, గాడికి పో. నేను తొవ్వ చూపిస్త."

"శానా దూరంకెల్లి అచ్చిన బాబూ. కాదనకు," అన్నడు రైతు.

"కాలు పోతే పుట్టుక పోతదా?" అన్నడు మారోతి. నవ్వుకుంటనే అన్నడు, ఎంకన్నను మల్ల పెద్దజేస్తున్న అనుకున్నడు. "లేపుండ్రి మా పాయాళూను!"

"వద్దు మారోతీ. ముందుగాల ఆయనకు బొటనవేలు లేస్తున్నదా చూడుండ్రి. ఒంటికి మంచిగ అస్తున్నదా అడుగుండ్రి."

"అబ్బో, ఎంకన్న డాక్టరైండు!" అని నవ్విండ్లు.

ఇద్దరు చంకల కింద చేతులేసి లేపిండ్లు. ముసలాయన అప్పటికే గోడకు వంగి నిలబడ్డడు. ఒకడు ఎంకన్న ఎడమ కాలుకున్న పట్టీ ఇప్పి, ఆ కాలును చేతుల పట్టి, రైతు నడుంకు ఆనిచ్చిండు. ఎంకన్న కండ్లు మూసుకున్నడు.

"తాకిందా?" అని అడిగిండు.

"తాకింది బాబూ, తాకింది. అల్కగ అయింది," అన్నడు రైతు. నడుం జర నిటారు చేసి చూపిచ్చిండు. అందరు చప్పట్లు కొట్టిండ్లు. ముసలాయన ఎంకన్న కాళ్ళు మొక్కి, పసుపు కాడికి పోయిండు.

ఎంకన్న పట్టీ కట్టుకొని కూసున్నడు. దబ్బనంల దారం ఎక్కిచ్చిండు. మాపటి దాంక కుట్టిండు. నేను పోయేటప్పుడు, "ఆ ముసలాయనది ఏ ఊరు?" అని అడిగిండు.

"ముఖేడ్ దిక్కు అన్నడు. ఊరు తెల్వది."

"నడిసిండా మంచిగ, పోయేటప్పుడు?"

"నేను చూడలే," అన్న.

తెల్లారి ఎంకన్న పనికి రాలే. దవాఖానకు పోయిండేమో అనుకున్నం. ఫోన్ బంద్ ఉన్నది. మధ్యాన్నం లారీ ఖాళీ అయినంక నేను వాళ్ళ గల్లీకి పోయిన. కిరాయి గదికి తాళం లేదు, తలుపు దగ్గరికేసి ఉన్నది. లోపల గిన్నెలు లేవు, పరుపు చుట్ట లేదు. ఇంటామె సుమిత్రాబాయి బయట బియ్యం ఏరుతున్నది. తెల్లారకముందే ఆటో పిలిపిచ్చుకున్నరు, ఇద్దరు మూటలు ఏసుకొని పోయిండ్లు అన్నది. ఇస్లాపూర్‌కేనా అని అడిగిన. ఊరికి పోతలేము, ఈయన పుట్టుక ఎవ్వలికి ఎరుక లేని జాగకు పోతున్నం అన్నది ఇందుబాయి, ఎక్కడికో చెప్పలే అన్నది.

చాటల బియ్యం ఒకసారి చెరిగి, నా దిక్కు చూసింది. "నీకు సుత చెప్పలేదా దేవన్నా?"

"లేదు," అన్న.